బాబు హాయిగా నిద్రపోతాడు

ఉట్రెక్ట్, నెదర్లాండ్స్
2024 ఫిబ్రవరి 3

సుకన్యా,

వాట్సాప్‌లో బాబు ఫొటోలకి నువ్వు పెట్టిన బొమ్మలు చూశాను. అవి నాకు చాలవు. మనిద్దరికీ అసలు మాటలు కాగితం మీదే కదా వచ్చేవి. అమీర్‌పేటలో మా అమ్మ నడిపే లేడీస్ హాస్టల్లో నువ్వు మూడో అంతస్తు, మేం కింద. సాయంత్రం ఏడు దాటితే "హాస్టల్ పిల్లలతో నీకేం పనే" అని అమ్మ తలుపేసేది. అందుకే మెట్ల మీద చెప్పుల స్టాండులో ఉత్తరాలు పెట్టుకునేవాళ్ళం. నీ నర్సింగ్ పరీక్షలు, నా ఇంటర్వ్యూలు, అన్నీ ఆ చెప్పుల మధ్యే నడిచాయి.

ఇప్పుడొక పెద్ద సంగతి. మా ఆయన యాన్‌ని వాళ్ళ కంపెనీ రెండేళ్ళకి హైదరాబాద్ పంపిస్తోంది. మే నెలలో వస్తున్నాం. "నాలుగు నెలల పసివాణ్ణి ఆ దుమ్ములోకి తీసుకెళ్తారా" అని యాన్ వాళ్ళమ్మ గొడవ. అది దుమ్ము కాదు, నా ఊరు అన్నాను. పట్టుబట్టి ఒప్పించింది నేనే. పంజాగుట్టలో కంపెనీ వాళ్ళే ఫ్లాట్ ఇస్తున్నారు.

నేను ఇంటి నుంచే ఉద్యోగం చెయ్యాలి. అమ్మని సాయం అడగలేను. నేను డచ్ వాణ్ణి చేసుకున్నాక ఆవిడ నాతో మాట్లాడేది ఎండా వానల గురించే. నువ్వు ఆరేళ్ళుగా పసిపిల్లల వార్డులో చేస్తున్నావు. మా తారక్‌ని నువ్వు చూసుకుంటే నాకు బెంగ ఉండదు. ఆయాగా కాదే. నా మనిషిగా రా.

నీ జవాబు కోసం పోస్టు డబ్బా చూస్తూ ఉంటాను.
హైందవి

*

సనత్‌నగర్
2024 ఫిబ్రవరి 25

హైందవీ,

నీ ఉత్తరం దినేశ్‌కి చదివి వినిపించాను. వర్క్‌షాపు నుంచి వచ్చి చేతుల జిడ్డు కడుక్కుంటున్నాడు. "దోస్తాన్ల నౌకరీ మంచిగుండది సుకన్యా. దోస్తానా పోతది, నౌకరీ సుత పోతది" అన్నాడు. మా ఆయనకి అన్నిట్లోనూ అనుమానమే. నేను నవ్వి ఊరుకున్నాను.

వార్డులో నిలబడి నిలబడి నడుము పోయింది. అక్కడ పిల్లలు వారం ఉంటారు, పది రోజులు ఉంటారు, వెళ్ళిపోతారు. తర్వాత ఎలా ఉన్నారో తెలియదు. ఒక్క బిడ్డనైనా నడక వచ్చేదాకా చూడాలని ఎప్పటి నుంచో ఉంది. మాకు పిల్లలు లేరని నీకు తెలుసు. ఆ సంగతి ఇక్కడ రాయను.

వస్తాను. కానీ ఒక మాట. నేను నర్సుగా వస్తాను. బిడ్డ ఒంట్లో నాకేదైనా తేడా కనిపిస్తే చెబుతాను, నువ్వు వినాలి. మిగతావి మనం మనం చూసుకుందాం.

మే నెలకు రోజులు లెక్కపెడుతూ,
నీ సుకన్య

*

పంజాగుట్ట
2024 జూన్ 16

సుక్కూ,

ఇది నీ బ్యాగులో పెడుతున్నాను, బస్సులో చదువుకో. రోజంతా ఒకే ఇంట్లో ఉండి ఉత్తరాలేంటని యాన్ నవ్వుతున్నాడు. అతనికి చెప్పుల స్టాండు సంగతి ఏం తెలుసు.

నువ్వు వచ్చిన దగ్గర్నుంచి నేను వేడి వేడి కాఫీ తాగుతున్నాను. పిల్లాడు పుట్టాక ఇదే మొదలు. నువ్వు స్నానం చేయించే తీరు యాన్ వీడియో తీసి వాళ్ళమ్మకి పంపాడు. ఆవిడ మెచ్చుకుంది.

అమ్మ నిన్న అమీర్‌పేట నుంచి వచ్చి అరగంట కూర్చుంది. ఒక్క మెట్రో స్టేషన్ దూరం, రావడానికి నెల పట్టింది. "రంగు తండ్రిది, మొండితనం మనది" అని వాడి నుదురు నిమిరింది. ఆ మాత్రానికే నాకు ఏడుపొచ్చింది.

యాన్ ఆఫీసులో విదేశాల వాళ్ళ భార్యలు నెలకోసారి కలుస్తారు. వాళ్ళ పిల్లలందరికీ ఇక్కడి గోల పడటం లేదట. కింద ఫ్లైఓవర్ హారన్లు, ఎదురుగా మెట్రో, పక్క ఫ్లాట్‌లో గోడలకి డ్రిల్లింగు. వీడు మాత్రం ఒళ్ళు తెలియకుండా పడుకుంటాడు. ఎంత బుద్ధిమంతుడని అందరూ ముచ్చటపడ్డారు. నిజమైన హైదరాబాదీ అన్నాను.

రేపు పొద్దున్నే కలుద్దాం,
హైందవి

*

సనత్‌నగర్
2024 జూలై 14

హైందవీ,

ఎదురుగా అయితే నీ మొహం చూసి ఆగిపోతాను. అందుకని రాస్తున్నాను.

గురువారం బాబుని కాసేపు కింద తిప్పి తీసుకొస్తున్నాను. లాబీలో నువ్వూ ఉన్నావు, ఫోన్‌లో మాట్లాడుతూ. లిఫ్టు తలుపు తెరుచుకుంది. వాచ్‌మన్ రాజనర్సయ్య వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.

"బిడ్డా, జర ఆగు. గీ లిఫ్టు ఇంటోళ్ళదంట. నీ గేటు కార్డు మీద మెయిడ్ అని ఉన్నది. నువ్వు ఎనక లిఫ్టుల పోవాలె."

"చేతుల బాబు ఉన్నడు కద తాతా."

"బాబు పోవచ్చు. నువ్వు పోవద్దు. నేనేం జేద్దు, కమిటోళ్ళు కెమెరాల చూస్తరు."

ముసలాయన మొహం నా మొహం కంటే చిన్నబోయింది. నువ్వు ఫోన్ చెవి దగ్గర నుంచి తీయకుండానే ఒక చెయ్యి చాపి బాబుని తీసుకున్నావు. తలుపు మూసుకుంది. నేను చెత్త డబ్బాలతో పాటు వెనక లిఫ్టులో వచ్చాను. పైకి వచ్చాక నువ్వేదైనా అంటావని సాయంత్రం దాకా చూశాను.

నిన్న నీ స్నేహితులు వచ్చినప్పుడు ఆ పొట్టి జుట్టు ఆవిడ నన్ను చూపించి, ఈమె బాగా పని చేస్తుంది, ఎక్కడ దొరికింది అని అడిగింది. "ఏజెన్సీ" అన్నావు. నాకు ఇంగ్లిష్ వచ్చని మరిచిపోయినట్టున్నావు. నర్సింగ్ మొత్తం అందులోనే చదివాను.

ఆ కార్డు మీద నర్సు అని మార్పించు. మెయిడ్ అంటే చిన్నతనమని కాదు, మా అమ్మ పదేళ్ళు ఇళ్ళల్లో పని చేసింది. నేను వచ్చింది ఆ పనికి కాదు, అంతే.

సుకన్య

*

పంజాగుట్ట
2024 జూలై 20

సుకన్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. సిగ్గేసింది. నిజమే, ఏజెన్సీ అన్నాను. స్నేహితురాలు అంటే, మరి ఆమె చేత పని ఎలా చేయిస్తున్నావు అని అడుగుతారు.

నా పరిస్థితి కూడా చూడు. ఆ ఆడవాళ్ళు నన్ను 'లోకల్' అంటారు. డ్రైవరుతో గొడవొస్తే నన్ను మాట్లాడమంటారు, కూరగాయల బేరానికి నన్ను పిలుస్తారు. మా అమ్మ చుట్టాల ముందు నన్ను 'ఆ డచ్ వాళ్ళు' అంటుంది. పుట్టిన ఊళ్ళో నేను ఎవరి మనిషినో నాకే తెలియడం లేదు.

కార్డు సంగతి యాన్‌తో అన్నాను. ఇది కంపెనీ ఫ్లాటు, కమిటీతో తగువు పెట్టుకోవద్దన్నాడు. లిఫ్టే కదా సుక్కూ. వదిలెయ్యి. ఇంట్లో నిన్నెవరైనా ఒక మాటన్నారా?

వచ్చే శనివారం నీకు ఇష్టమని గుత్తొంకాయ చేయిస్తాను.
హైందవి

*

సనత్‌నగర్
2024 సెప్టెంబర్ 18

హైందవీ,

లిఫ్టు సంగతి వదిలేశాను. ఇది వదిలేసేది కాదు. కూర్చుని చదువు.

నిన్న గణేశ్ నిమజ్జనం. నువ్వూ యాన్ గారూ ఆఫీసు వాళ్ళతో వెళ్ళారు. మధ్యాహ్నం మన కిటికీ కిందనుంచి ఊరేగింపు పోయింది. నాలుగైదు బ్యాండ్లు, డీజే పెట్టెలు. కిటికీ అద్దాలు అదిరాయి, గ్లాసులో నీళ్ళు వణికాయి. పక్క ఫ్లాటు పాప గుక్కపట్టి ఏడ్చింది. తారక్ మంచం మీద నిద్రపోతున్నాడు. కదల్లేదు. కనురెప్ప కూడా కదల్లేదు.

జూలై నుంచే నాకు అనుమానం. కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడడు. తలుపు దగ్గర నుంచి పిలిస్తే చూడడు. ఎదురుగా వెళితే మాత్రం చేతులు చాపుతాడు. మనిషి నీడ పడితే తిరుగుతాడు, అందుకే ఎవరికీ తెలియడం లేదు.

నిన్న వాడు లేచాక చాప మీద కూర్చోబెట్టి, వెనక నుంచి స్టీలు కంచం మీద గరిటెతో కొట్టాను. మూడుసార్లు. చేతిలో బొమ్మనే చూసుకుంటున్నాడు. ఆ కంచం పట్టుకుని ముందుకు వచ్చాను. నన్ను చూసి పకపకా నవ్వాడు.

రెండు నెలల కింద 'బాబ్బాబ్బా' అని ఒకటే గోల చేసేవాడు. ఇప్పుడు అదీ తగ్గిపోయింది. గమనించావా?

అక్కడ పుట్టిన వారంలోనే చెవుల పరీక్ష చేశారని, అంతా బాగుందన్నారని నాకు తెలుసు. పుట్టినప్పుడు వినిపించి, ఆ తర్వాత తగ్గిపోయే పిల్లలు ఉంటారు. మా వార్డు నుంచి వెళ్ళినవాళ్ళలోనే ఇద్దరిని చూశాను. నా అనుమానం తప్పు కావాలని మొక్కుకుంటున్నాను. ఈ వారంలోనే పరీక్ష చేయించు. నొప్పి ఉండదు. ఈ వయసులో ఒక్కో నెలా విలువైనది. మాటలు చెవి నుంచే వస్తాయి.

సుకన్య

*

పంజాగుట్ట
2024 సెప్టెంబర్ 25

సుకన్యా,

వారం రోజులు నిన్ను తప్పించుకు తిరిగానని నీకు తెలిసే ఉంటుంది.

వాడికి ఏమీ లేదు. ఇంట్లో మూడు భాషలు. యాన్ డచ్‌లో, నేను తెలుగులో, మేమిద్దరం ఇంగ్లిష్‌లో. అలాంటి పిల్లలకి మాటలు ఆలస్యం అని పుస్తకాల్లోనే ఉంది. అమ్మతో నీ మాటగా పైపైన అడిగాను. "మగపిల్లలకి మాటలు ఆలస్యమేనే. మీ అన్నయ్య మూడో ఏడు దాకా నోరు విప్పలేదు. ఆ నర్సు మాట పట్టుకుని పిల్లాడికి చెవుడని చాటింపు వెయ్యకు. తెల్లవాణ్ణి చేసుకున్న పాపమంటారు" అంది. అమ్మ మాటలకి విలువ ఇస్తున్నానని కాదు. కానీ ఆ మాట నన్ను వదలడం లేదు.

నీకొక్కదానికే చెబుతున్నాను. హైదరాబాద్ వద్దని యాన్ వాళ్ళమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. తీసుకొచ్చింది నేను. వాడికి ఏదైనా అయితే అది ఈ ఊరి వల్ల, నా వల్ల అయినట్టే. యాన్ నోటితో అనడు. కళ్ళతో అంటాడు.

వార్డులో రోగం ఉన్న పిల్లల్నే చూసి చూసి నీకు ప్రతి బిడ్డలోనూ రోగం కనిపిస్తోంది. పుట్టినరోజు అవనీ. ఆ తర్వాత చూద్దాం.

యాన్‌కి మాత్రం ఈ మాట చెప్పకు. నా మీద ఒట్టు.

హైందవి

*

సనత్‌నగర్
2024 నవంబర్ 10

హైందవీ,

పుట్టినరోజు అయిపోయి నెల దాటింది. వాడు ఇప్పుడు నా పెదాల మీద వేళ్ళు పెట్టి చూస్తున్నాడు. నోరు ఎందుకు కదులుతోందో వాడికి అర్థం కావడం లేదు.

మా పాత వార్డు డాక్టరమ్మ నాకు తెలుసు. నీకు తీరిక లేకపోతే చెప్పు, బుధవారం పొద్దున నేనే తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తాను. గంటలో తెచ్చేస్తాను. ఏమీ లేదని తేలితే నన్ను ఎన్ని తిట్టినా పడతాను.

సుకన్య

*

పంజాగుట్ట
2024 నవంబర్ 12

సుకన్యా,

నన్ను అడగకుండా నా కొడుకుని గేటు దాటించవద్దు. ఈ విషయం మళ్ళీ ఎత్తవద్దు.

హైందవి

*

సనత్‌నగర్
2025 జనవరి 26

హైందవీ,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఇది రాజనర్సయ్య తాత చేతికి ఇస్తున్నాను.

పోయిన ఆదివారం పొట్టి జుట్టు ఆవిడ ఇంట్లో పిల్లల పుట్టినరోజుకి నేను కూడా వచ్చాను కదా. బెలూన్ల గుత్తి ఒక్కసారిగా పేలింది. పిల్లలందరూ ఏడ్చారు. తారక్ కేకు తింటూ ఉన్నాడు. యాన్ గారు వాణ్ణే చూస్తున్నారు. ఆయన మొహం మారడం నేను చూశాను. సోమవారం ఆస్పత్రి. మంగళవారం రెండు చెవులూ దాదాపు వినపడవని చెప్పారు. మూడు రోజుల్లో అయిపోయింది. సెప్టెంబర్ నుంచి నేను అడుగుతున్నది ఆ మూడు రోజులే.

ఆ మంగళవారం సాయంత్రం ఆయన హాల్లో నిలబడి నన్ను అడిగారు. "రోజుకి ఎనిమిది గంటలు వీడితో ఉంటావు. నర్సునంటావు. నీకు ఏమీ తెలియలేదా?" అరవలేదు. అరిచినా బాగుండేది.

నేను నీ వైపు చూశాను. నువ్వు బాబు సాక్సు సరిచేస్తున్నావు. సరిగ్గానే ఉన్న సాక్సుని విప్పి మళ్ళీ తొడిగావు. పోనీలే, నా నోటితో ఎందుకు, పొద్దున్నకి తనే చెప్పుకుంటుంది అనుకున్నాను. ఒట్టు వేయించుకున్నావు కూడా. "తెలియలేదు" అని నేను అనలేదు. ఏమీ అనలేదు, అంతే. ఆయన దాన్నే జవాబు అనుకున్నారు.

తెల్లారి గేటు దగ్గర కార్డు పెడితే ఎర్ర దీపం వెలిగింది. "నీ కార్డు బంద్ జేసిన్రు బిడ్డా" అన్నాడు తాత. "ఏం తప్పు జేసినవ్?" అని అడిగాడు.

నా సంగతి అటుంచు. బాబుతో ఒక్కసారి కూర్చోనివ్వు. మనుషులు ఉన్నట్టుండి మాయమైతే వాడికి ఎవరూ చెప్పలేరు, చెప్పినా వినపడదు. వాడు తలుపు వైపు చూస్తూ ఉంటాడు.

సుకన్య

*

ఉట్రెక్ట్
2025 మార్చి 9

సుకన్యా,

రెండేళ్ళ పని సగంలో ఆపి తిరిగి వచ్చేశాం. నీ ఉత్తరం నాకు అందింది. జవాబు రాయలేకపోయాను.

నా మీద నీకు కోపం ఉండటం న్యాయం. నాకూ నీ మీద ఉంది. నువ్వు నర్సువి. రెండు ఉత్తరాలు రాసి ఊరుకుంటావా? నేను వద్దంటే మాత్రం? నా చెంప మీద కొట్టి వాణ్ణి లాక్కెళ్ళాల్సింది. తల్లికి కళ్ళు మూసుకుపోతే తెరిపించాల్సింది నువ్వే కదా.

అది సరే. తారక్‌కి చెవి లోపల యంత్రం అమర్చే ఆపరేషన్ జరగబోతోంది. దీంతో ఒక ఫారం పంపుతున్నాను. బిడ్డని చూసుకున్న మనిషి నింపాలట, ఇంగ్లిష్‌లోనే. తేడా మొదట ఎప్పుడు కనిపించింది, ఎవరికి చెప్పారు అని రెండు ప్రశ్నలు. ఆస్పత్రి చిరునామా కవరు మీద ఉంది. 'జనవరిలో, బెలూన్లు పేలిన రోజు' అని రాయి. రెండో ప్రశ్నకి 'తల్లిదండ్రులిద్దరూ అప్పుడే చూశారు' అని రాయి.

యాన్ ఆ ఫారం చదువుతాడు. అతనికి ఇప్పటికీ ఏమీ తెలియదు. మేం ఇక్కడికి వచ్చే ముందు నీ ఉత్తరాలు చించేశాను. మేమిద్దరం విడిపోవడానికి ఒక్క గొడవ దూరంలో ఉన్నాం సుక్కూ. బిడ్డకి ఇల్లైనా మిగలాలి. మన పాత రోజుల మీద ఆన, ఈ ఒక్కటి చెయ్యి.

హైందవి

*

సనత్‌నగర్
2025 ఏప్రిల్ 2

హైందవి గారికి,

నమస్కారం. మీ ఉత్తరం, ఫారం అందాయి.

ఫిబ్రవరిలో నేను పాత వార్డులో మళ్ళీ చేరదామని వెళ్ళాను. చివరగా పని చేసిన ఇంటి నుంచి ఒక మాట కావాలన్నారు. యాన్ గారికి మెయిల్ పెట్టారు. ఆయన జవాబు ఒకే వాక్యం. 'బిడ్డకు వినపడటం లేదన్న సంగతి ఈమె గమనించలేదు.' వార్డు పెద్ద సిస్టరమ్మ కంప్యూటర్ నా వైపు తిప్పి ఆ మెయిల్ చూపించింది. నేను పని నేర్పిన నర్సు పిల్లలు ఇద్దరు పక్కనే నిలబడి ఉన్నారు. పసిపిల్లల దగ్గర ఇక నాకు పని లేదు. ఇప్పుడు ఎర్రమంజిల్‌లో ఒక చిన్న క్లినిక్‌లో రక్తం తీస్తున్నాను.

ఆయన మీద నాకు కోపం లేదు. తెలిసిందే రాశారు. తెలియనివ్వనిది మీరు.

మిమ్మల్ని కొట్టి బాబుని లాక్కెళ్ళాల్సిందన్నారు. నా కార్డు మీద ఏముందో మీకు తెలుసు. ఆ కార్డు ఉన్న మనిషి ఇంటావిడ బిడ్డని ఎత్తుకుని గేటు దాటితే ఏమవుతుందో కూడా తెలుసు. అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది. నవంబర్‌లో నేను యాన్ గారితో చెప్పాల్సింది. ఒట్టు కోసం ఊరుకున్నాను. ఆ తప్పు నాది, మోస్తాను.

ఫారం నింపాను. మొదటి ప్రశ్నకి జూలై అని, కంచంతో చూసిన తేదీ సెప్టెంబర్ 17 అని రాశాను. బాబు నోటి శబ్దాలు ఏ నెలలో తగ్గాయో రాశాను. అది ఆ డాక్టర్లకి కావాలి. రెండో ప్రశ్నకి 'తల్లికి, రాతపూర్వకంగా, రెండుసార్లు' అని రాసి, కింద నా నర్సు రిజిస్ట్రేషన్ నంబరు వేసి సంతకం చేశాను. నిన్న నేరుగా ఆస్పత్రికే పంపించాను. మీరు మధ్యలో ఆపే వీలు ఉండకూడదనే.

"పోనియ్యి, మనకెందుకు" అన్నాడు దినేశ్. నాకు కాదు, బిడ్డకి అన్నాను. పూర్తి నిజం అది కాదు. నాకు కూడా.

సుకన్య

*

ఉట్రెక్ట్
2025 ఆగస్టు 24

సుకన్యా,

నువ్వు పంపిన కాగితం యాన్ ఏప్రిల్‌లో చదివాడు. ఒక్కటే అడిగాడు, సెప్టెంబర్ నుంచి నీకు తెలుసా అని. తెలుసు అన్నాను. చేతిలో కప్పు బల్ల మీద పెట్టి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి మేం మాట్లాడుకునేది వాడి డాక్టర్ల గురించి, వాడి తిండి గురించి. ఎండా వానల గురించి కూడా. అమ్మలాగే.

మీ వార్డుకి యాన్ క్షమాపణ రాశాడు. నీకు పని తిరిగి ఇచ్చారో లేదో నాకు తెలియదు. అడగడం లేదు.

తారక్‌కి యంత్రం అమర్చారు. పదిహేను రోజుల కింద మొదటిసారి దాన్ని పని చేయించారు. నన్ను పేరు పెట్టి పిలవమన్నారు. పిలిచాను. వాడు బెదిరిపోయి, గట్టిగా ఏడుస్తూ యాన్ మెడలో మొహం దాచుకున్నాడు. మొదట్లో చాలామంది పిల్లలు అలాగే చేస్తారట.

నువ్వు రాసిన ప్రతి అక్షరం నిజం. నీ తేదీల వల్లే వాళ్ళకి చాలా సంగతులు తెలిశాయని డాక్టర్ చెప్పింది. క్షమించమని రాయడానికే కూర్చున్నాను. గంట నుంచి ఆ మాట రావడం లేదు. నేను అబద్ధం చెప్పినా నాకో ఇల్లుండేది, నువ్వు నిజం చెప్పి దాన్ని తీసేసుకున్నావు అనే వస్తోంది. ఇది అన్యాయమని తెలుసు. తెలిసినా వస్తోంది.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. వాడు చాలా నెలలు పోగొట్టుకున్నాడు కాబట్టి, ముందు ఒక్క భాషే గట్టిపడాలన్నారు. మూడు వద్దన్నారు. బడి ఇక్కడ, తండ్రి ఇక్కడివాడు. డచ్ అని నిర్ణయించారు. నేను సరేనన్నాను. వాడితో తెలుగు మాట్లాడటం మానేశాను. నోరు జారితే యాన్ నా వైపు చూస్తాడు.

ఈ ఇంట్లో తెలుగు ఇప్పుడు ఈ కాగితం మీద ఒక్కటే ఉంది. కవరు అంటించి, కింద ఉన్న పోస్టు డబ్బాలో వేసి వస్తాను.

హైందవి